పాత చీర మీద మొదటి కుట్టు

కదిరికీ పుట్టపర్తికీ నడుమ ఉన్న మండల కేంద్రం నల్లమాడ. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. ఒకప్పుడు ఈ పేరుతో అసెంబ్లీ నియోజకవర్గం ఉండేది. 2009 ఎన్నికల నాటికి అది పోయి పుట్టపర్తి నియోజకవర్గం వచ్చింది. నేను వెళ్లింది ఎండలు ముదురుతున్న రోజుల్లో. రోడ్డుకు రెండు పక్కలా ఎర్రనేల, గుండ్లు తేలిన గుట్టలు, ఎక్కడో ఒక బోరు కింద పచ్చగా నాలుగు మళ్లు.

పడమటి కనుమల చాటున ఉండటం వల్ల నైరుతి వానలు ఇక్కడికి చేరేసరికి సత్తువ తగ్గి ఉంటాయి. తూర్పు సముద్రం దూరం కాబట్టి ఈశాన్య వానలదీ అదే కథ. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. జూన్, జూలైలలో పదును చూసుకుని వేరుశనగ విత్తుతారు, అక్టోబరు, నవంబరులలో చెట్టు పీకుతారు. కాయలు అమ్మేశాక మళ్లీ తొలకరి దాకా మెట్ట పొలంలో పని తక్కువ.

ఆ ఖాళీ నెలల్లో ఇక్కడి ఆడవాళ్లు చాలామంది పొద్దున్నే ఉపాధి పనికి పోతారు. దేశమంతటికీ ఆ పథకం మొదలైంది 2006 ఫిబ్రవరి 2న, ఈ ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. గడ్డపార పక్కన పెట్టి ఇల్లు చేరాక, మధ్యాహ్నం నీడపట్టున చేసేది కుట్టుపని. నేను చూడాలని వచ్చింది దాన్ని.

నన్ను ఇక్కడికి పంపింది డాలస్‌లో ఉండే మా పిన్ని కూతురు. అక్కడ బొంతలు కుట్టే పెద్ద మిషను ఒకటి నేర్చుకుంటోంది. లాంగ్ ఆర్మ్ అంటారట దాన్ని. చేయి తిరగక విసిగిపోయి, ఒకరోజు ఫోనులో, “మా అత్తగారి ఊళ్లో ముసలివాళ్లు ఏ మిషనూ లేకుండా ఎట్ల నేర్చుకున్నారో ఒకసారి చూసి చెప్పక్కా” అంది. ఆ అత్తగారి ఊరు నల్లమాడకు ఆనుకునే ఉంది. సూది పట్టడం తెలిసినవాళ్లు చాలామందే ఉంటారు. కొత్తగా పట్టినవాళ్లను నిలబెట్టేవాళ్లు ఎట్లా ఉంటారో చూద్దామని బయల్దేరాను.

మొదట నల్లమాడలోనే ఒక అద్దె ఇంటి ముందుగదికి తీసుకెళ్లారు. అక్కడ కుట్టు నేర్పే ఆమెను చిన్నా పెద్దా అందరూ టీచరక్క అంటారు. గోడవారగా తొక్కుడు మిషన్లు, కొన్నింటికి మోటార్లు బిగించి ఉన్నాయి. మూలన గోనెసంచిలో కత్తిరింపు ముక్కలు. ఆ మధ్యే చేరిన ఒక అమ్మాయి కిటికీ పక్క మిషను ముందు కూర్చుని ఉంది. మిషనుకు సూది ఉంది, దారం లేదు. సూది కింద గుడ్డకు బదులు పాత దినపత్రిక.

పత్రికలో కాలమ్‌కూ కాలమ్‌కూ నడుమ ఉండే సందు వెంట సూది పోవాలి. కాళ్లు రెండూ ఒకే తీరుగా ఆడాలి. కొత్త కాళ్లకు చక్రం మాటిమాటికీ వెనక్కి తిరుగుతుంది. దారం ఉంటే అక్కడే చిక్కుపడి తెగిపోతుంది. అందుకే దారం ఎక్కించేలోపు ఆ అలవాటు వదలాలి. నేరు గీత కుదిరాక చదరం, చదరం తర్వాత గుండ్రం, ఆపైన లోపలికి చుట్టుకుంటూ పోయే గీత. మూల వచ్చినప్పుడు సూదిని దించి ఉంచి, ఫుట్టు ఎత్తి, కాగితం తిప్పి, ఫుట్టు దించాలి. ఇదంతా ఒక పైసా గుడ్డ పాడవకుండా జరిగిపోతుంది.

“ఎట్లుందక్కా?” అని ఆ అమ్మాయి కాగితం తీసి చూపించింది. గీత సగం దాకా సరిగ్గా వచ్చి, ఆ తర్వాత అక్షరాల మీదికి ఎక్కింది. టీచరక్క బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి రంధ్రాల వరుస చూపించింది. “ఈడి దాకా నేరుగానే వచ్చినావు. ఈడ్నించి సూదిని చూడబట్టినావు. సూదిని చూడొద్దు అమ్మీ, ముందుండే గీతను చూడు.”

ఆ అమ్మాయి ఇంకో కాగితం పెట్టుకుంది. నేను పక్కకు వచ్చి, కొంచెం మెచ్చుకుంటే ఉత్సాహంగా ఉంటుంది కదా అన్నాను. టీచరక్క నవ్వింది. “బాగుంది బాగుంది అంటే రెండు దినాలు సంతోషంగా ఉంటారు మేడమ్. మూడో దినం ఎవరిదో జాకెట్ గుడ్డ పాడు చేస్తారు, ఇంట్లో తిట్లు పడతాయి. అప్పుడు నా మాట యాడ పనికొస్తాది? ఏడ తప్పిందో చెప్తే ఆ పొద్దు కూడా పనికొస్తాది.”

2025 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, రాష్ట్ర ప్రభుత్వం లక్ష మందికి పైగా మహిళలకు కుట్టులో శిక్షణ, శిక్షణ ముగిశాక ఉచితంగా మిషను ఇచ్చే కార్యక్రమం మొదలుపెట్టింది. అంతకు ముందు నుంచే పొదుపు సంఘం లోనుతో మిషను కొన్నవాళ్లూ ఊరూరా ఉన్నారు. మిషను ఇంటికి చేరాక ఏమవుతుందన్నదే టీచరక్క ఆరాటం. “ఇంట్లో ఒక్కతే కూర్చుంటాది. దారం తెగుతాది. ఎందుకు తెగిందో చెప్పేవాళ్లుండరు. నెల తిరిగేలోపల మిషను మీద బియ్యం మూట పెడతారు.”

దారం తెగడానికి కారణాలు ఎన్నో లేవు. సూది తిరగబడి బిగిసి ఉంటుంది, లేదా మొన వంగి ఉంటుంది. పైదారం బిగువు ఎక్కువై ఉంటుంది. బాబిన్ కేసులో నూగు పేరుకుని ఉంటుంది. తెలిసినవాళ్లకు నిమిషం పని. తెలియనివాళ్లు మాత్రం, నాకు ఈ విద్య రాదు అని తీర్మానించుకునేది సరిగ్గా అక్కడే. అందుకని టీచరక్క ఒక ఏర్పాటు పెట్టుకుంది. నేర్చుకుని వెళ్లిపోయినవాళ్లు ఎప్పుడైనా రావచ్చు, దానికి ఫీజు లేదు. నేను ఉండగానే ఒకామె బాబిన్ కేసును కొంగు చివర ముడి వేసుకుని వచ్చింది. టీచరక్క దాన్ని తాను బాగుచేయలేదు. స్క్రూడ్రైవరు చేతికిచ్చి, చిన్న స్క్రూను ఎటు తిప్పితే దారం వదులవుతుందో, ఎటు తిప్పితే బిగుస్తుందో ఆమె చేతనే తిప్పించింది. బాబిన్ దారం కొస పట్టుకుని వేలాడదీస్తే కేసు జారిపోకూడదు, చేయి విదిలిస్తే కొంచెం దిగాలి. ఆ అంచనా పట్టుబడేదాకా ఆమెను కదలనివ్వలేదు.

సాయంత్రం మా పిన్ని కూతురి అత్తగారి ఊళ్లో ఒక అవ్వ ఇంటి పంచలో కూర్చున్నాను. అక్కడ మిషను ఊసు లేదు. నేల మీద బొంత పరిచి ఉంది. అడుగున గట్టి నూలు చీర. దాని మీద పాత పంచెలు, చిరిగిన లుంగీలు, మనవడి స్కూలు చొక్కాలు పొరలు పొరలుగా. ఒక పొరలో చినిగిన చోట ఇంకో పొరలో గట్టి ముక్క వచ్చేట్టు సర్దుతారు. పైన కాస్త రంగున్న చీర. ఇప్పుడు ఇళ్లలో సింథటిక్ చీరలే ఎక్కువ. అవి సూది కింద జారతాయి, చెమట పీల్చవు. నూలు చీర కోసం ఇల్లిల్లూ అడగాల్సి వస్తోందని అవ్వ చెప్పింది.

నలుగురు నాలుగు మూలలు పట్టి లాగారు. ముడతలు లేకుండా అరచేత్తో తడిమారు. అంచులు లోపలికి మడిచి, పొరలు కదలకుండా అక్కడక్కడ జానెడేసి కుట్లు వేశారు. ఇవి తర్వాత తీసేసేవి. అసలు కుట్టు అంచున మొదలై, బొంత చుట్టూ తిరుగుతూ నడిమికి చేరుతుంది. అవ్వ చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టుకుని, సూదిని గుడ్డలో పైకీ కిందికీ నాలుగైదు సార్లు ఆడించి ఒకేసారి లాగుతోంది. వరుసకూ వరుసకూ వేలెడు ఎడం. కొలబద్ద లేదు, సుద్దగీత లేదు. ముందు వేసిన వరుసే కొలత.

అవ్వ పక్కన పదోతరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న మనవరాలు కూర్చుంది. బొంత పట్టడం అదే మొదలు. అవ్వ ఒక వరుస కుడుతుంది, దాని పక్కన పిల్ల ఒక వరుస, దాని పక్కన మళ్లీ అవ్వ. పిల్ల వరుస వంకర పోయింది. కుట్టు ఒక చోట గోరంత, ఇంకో చోట వేలంత. అవ్వ దాన్ని విప్పమనలేదు. తన తర్వాతి వరుసను ఆ వంకర ఉన్న చోట కొంచెం దగ్గరగా, మిగతా చోట కొంచెం ఎడంగా వేసింది. ఆపై వరుసకు దారి మళ్లీ నేరుగా ఉంది. మూడు వరుసలు పోయాక చూస్తే పిల్ల వేసింది ఏదో వెతుక్కోవాల్సి వచ్చింది.

“విప్పమంటే ఏడుస్తాది. ఏడ్చినాక మల్ల సూది ముట్టదు,” అంది అవ్వ. “పాత గుడ్డేగదమ్మా. చలికి కప్పుకునేదానికి వంకర తెలుస్తాదా? నేను మొదట కుట్టిన బొంత మా నాయన పదేండ్లు కప్పుకున్యాడు.”

ఆ రాత్రి డాలస్‌కు ఫోను చేసి ఇదంతా చెప్పాను. లాంగ్ ఆర్మ్ గురించి ఆమె చెప్పింది. మామూలు మిషనులో తల కదలదు, గుడ్డను మనం తోస్తాం. దీనిలో గుడ్డ బిగిసి ఉంటుంది, మిషను తలే కదులుతుంది. పది పన్నెండు అడుగుల ఇనుప చట్రానికి రోలర్లు. అడుగు గుడ్డ, నడుమ దూది పొర, పై గుడ్డ మూడింటినీ వాటికి చుట్టి లాగి బిగిస్తారు. చక్రాల మీద జరిగే తలను రెండు పిడులతో పట్టుకుని, నిలబడి, గుడ్డ మీద పూలూ తీగలూ గీస్తున్నట్టు కుట్టుకుపోవాలి. సూదికీ వెనక స్తంభానికీ మధ్య ఎడం ఇంట్లో వాడే మిషనుకు ఏడెనిమిది అంగుళాలు ఉంటే, దీనికి 18 నుంచి 30 అంగుళాల దాకా. చేయి వేగం మారినా కుట్టు పొడవు మారకుండా చూసే రెగ్యులేటరు కూడా ఉంటుంది. మంచి మిషను కొనాలంటే పది వేల డాలర్లు దాటుతుంది, కంప్యూటరు నడిపే రకాలకు ఇంకా ఎక్కువ.

అంత మిషనూ కొత్తవాళ్లను ఏడిపించేది మన బాబిన్ కేసు దగ్గరే. పైన ముద్దుగా కనిపించే వంపును కింద తిప్పి చూస్తే దారం వదులుగా లేచి ఉంటుంది. వంపులో చేయి తొందరపడటం, పైదారానికీ బాబిన్ దారానికీ బిగువు కలవకపోవడం దానికి కారణాలు. చట్రానికి బిగిసి ఉన్న గుడ్డ అడుగు భాగం కంటికి కనపడదు. కాబట్టి కాసేపటికోసారి వంగి కిందికి చూడటం నేర్చుకోవాలి. అక్కడి దుకాణాల్లో ముందు ఒక క్లాసు చెప్పి, తర్వాత గంటల లెక్కన మిషను అద్దెకిస్తారు. తెలిసిన మనిషి ఒకరు పిలిస్తే పలికే దూరంలో ఉంటారు. మొదట కాగితం మీద పెన్సిలు ఎత్తకుండా ఒకే గీతలో ఆకులూ పూలూ గీయిస్తారు. తర్వాత చవక గుడ్డ. ఆ దశలో కుట్టిన దుప్పట్లను చాలామంది ఆసుపత్రులకూ ఆశ్రమాలకూ ఇచ్చేస్తారు. నేర్చుకునే చేతి పని కూడా ఎవరికో చలి కాస్తుంది.

ఇదే దారిలో పెద్ద పేరు తెచ్చుకున్న పల్లె ఒకటి అమెరికాలోనే ఉంది. అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్. అక్కడి నల్లజాతి స్త్రీలు పొలం పనికి వేసుకుని చిరిగిపోయిన బట్టలతో బొంతలు కుట్టేవాళ్లు. తల్లి పక్కన కూతురు కూర్చుని నేర్చుకునేది. 1966లో ఆ ప్రాంతపు ఆడవాళ్లు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో జీస్ బెండ్ బొంతలు హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియం గోడలకెక్కాయి. 2006లో తపాలా బిళ్లల మీదికీ వచ్చాయి. మనకు దగ్గర్లో, బళ్లారి జిల్లా సండూరు లంబాడీ స్త్రీల ముక్కల కుట్టుకూ అద్దాల పనికీ భౌగోళిక గుర్తింపు ఉంది. 2023 జూలైలో జి20 సమావేశాల సందర్భంగా హంపిలో 450 మందికి పైగా లంబాడీ మహిళలు చేసిన 1755 వస్తువులను ఒకచోట ప్రదర్శిస్తే గిన్నిస్ రికార్డు అయింది. మ్యూజియం, రికార్డు చివర్లో వచ్చినవి. అంతకు ముందు తరాల తరబడి ఎవరో ఒకరు పక్కన కూర్చుని వంకర వరుసకు తర్వాతి వరుస వేస్తూ వచ్చారు.

శిక్షణ పథకాల్లో మిషన్లకు లెక్క ఉంటుంది, గంటలకు లెక్క ఉంటుంది, హాజరుకు లెక్క ఉంటుంది. పక్కన కూర్చునే మనిషికి మాత్రం పద్దు లేదు. ప్రోత్సాహం అంటే మనకు భుజం తట్టడం, సర్టిఫికెట్ ఇవ్వడం, ఫోటో దిగడం. నల్లమాడలో నేను చూసింది అంతకంటే ముందు చేయాల్సిన పని. పాడైనా ఎవరూ తిట్టని గుడ్డ చేతికివ్వాలి. తప్పింది ఎక్కడో వేలు పెట్టి చూపాలి. చేసిన పనిని అవతల పారేయకుండా వాడుకోవాలి. దారం తెగిన రోజున తట్టడానికి ఒక తలుపు ఉండాలి. వీటిలో ఏదీ ఖరీదైనది కాదు. అయినా ఎవరో ఒకరు తమ మధ్యాహ్నాలు వీటికి ఇవ్వాలి. టీచరక్క ఇచ్చే ఆ మధ్యాహ్నాలకు ఇప్పటికైతే జీతం లేదు. ఉండాలని నా అభిప్రాయం.

మరునాడు బస్సు ఎక్కేముందు మళ్లీ ఆ ముందుగదికి వెళ్లి, అవ్వ పద్ధతి చెప్పి, పిన్ని కూతురు పంపిన వీడియో టీచరక్కకు చూపించాను. నేర్చుకునేవాళ్లంతా చుట్టూ మూగారు. తెర మీద మిషను తల తెల్లటి గుడ్డ మీద అటూ ఇటూ పరుగెత్తుతుంటే ఒకామె, “అక్కా, ఇది మనూరికొస్తే మన పనేం కావాల?” అంది.

టీచరక్క వీడియో చివరిదాకా చూసి ఫోను నా చేతికిచ్చింది. “రానీలే. వస్తే ఒక మనిషిని నేర్చుకునేదానికి పంపిస్తాం. ఆ పొద్దు తెల్లగుడ్డ మాత్రం ఎక్కించం. మొదటి నెలంతా దానికి పాత చీరలే.”