వంతెన దాటితే మారే చట్టం

సియాటిల్‌లో ఉంటున్నామని చెప్పుకునే తెలుగువాళ్లలో చాలామంది ఉండేది నిజానికి సియాటిల్‌లో కాదు. వాషింగ్టన్ సరస్సుకు తూర్పున, ఈశాన్యాన రెడ్‌మండ్, బెల్‌వ్యూ, సమామిష్, బోథెల్ ఊళ్లలో. మైక్రోసాఫ్ట్ కూడా అటువైపే. సరస్సుకు పడమట, నగరం నడిబొడ్డున అమెజాన్ ఉంది. అక్కడ పనిచేసేవాళ్లు పొద్దున్నే వంతెన దాటి పనికి వెళ్లి, సాయంత్రం దాటి ఇంటికొస్తారు.

2023 ఫిబ్రవరి 21 తర్వాత ఆ వంతెనకు అటూ ఇటూ చట్టం వేరైంది. పుణేలో పుట్టిన కౌన్సిలర్ క్షమా సావంత్ ప్రతిపాదన మేరకు, వివక్ష నిషేధ జాబితాలో కులాన్ని చేరుస్తూ సియాటిల్ నగర కౌన్సిల్ 6-1 ఓట్లతో ఆర్డినెన్సు చేసింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. ఉద్యోగం, అద్దె ఇల్లు, హోటళ్లు, దుకాణాలు అన్నిటికీ ఇది వర్తిస్తుంది. కాకపోతే నగరం పొలిమేర వరకే. సియాటిల్ ఆఫీసులో కులం చూపి పక్కనపెడితే నగర పౌరహక్కుల కార్యాలయానికి ఫిర్యాదు చేయొచ్చు. సమామిష్‌లో ఇంటి యజమాని అదే పని చేస్తే ఈ ఆర్డినెన్సు అక్కరకు రాదు.

వారాంతపు విందుల్లో కులం ఎవరూ నేరుగా అడగరు. ఇంటిపేరు అడుగుతారు. ఊరు అడుగుతారు. మేనమామలది ఎక్కడంటారు. నాలుగో ప్రశ్నకు లెక్క తేలిపోతుంది. పక్కనే ఉన్న అమెరికన్ మేనేజరుకు అందులో ఏం జరిగిందో అంతుపట్టదు. అందుకే చట్టంలో కులం పేరు ఉండాలన్నది సమర్థకుల వాదన. పేరు పెడితే ప్రతి భారతీయుణ్నీ అనుమానంగా చూస్తారన్నది హిందూ అమెరికన్ ఫౌండేషన్ వంటి సంస్థల అభ్యంతరం.

అదే ఏడాది ఈ తగువు కాలిఫోర్నియా రాష్ట్ర స్థాయికి చేరింది. సెనేటర్ ఆయిషా వహాబ్ తెచ్చిన ఎస్‌బీ 403 బిల్లు మే నెలలో సెనేట్‌లో 34-1తో గట్టెక్కింది. అసెంబ్లీలో దాన్ని కొంత మెత్తబరిచారు. కులాన్ని విడి వర్గంగా కాకుండా ‘వంశమూలం’లో భాగంగా చేర్చారు. బిల్లు గవర్నర్ గావిన్ న్యూసమ్ బల్ల మీద ఉండగానే, సెప్టెంబరు 28న ఫ్రెస్నో నగర కౌన్సిల్ తన నిబంధనల్లో కులాన్ని చేర్చేసింది. అది ఐటీ నగరం కాదు. పంజాబీలు తరాలుగా పొలాలు సాగుచేస్తున్న లోయలోని ఊరు. అక్కడ, గురు రవిదాసును కొలిచే దళితులైన రవిదాసియాల గురుద్వారా కూడా ఉంది.

అక్టోబరు 7న న్యూసమ్ బిల్లును వీటో చేశారు. ఉన్న చట్టాలే కులవివక్షను నిషేధిస్తున్నాయి కాబట్టి కొత్తది అనవసరమన్నారు. ఆ మాట ఉత్తదేమీ కాదు. దళిత ఇంజినీరు ఫిర్యాదు మీద 2020లో సిస్కో కంపెనీపై రాష్ట్రమే దావా వేసింది. 2023 ఏప్రిల్‌లో ఇద్దరు మేనేజర్లపై కేసు వదులుకున్నా, కంపెనీని వదల్లేదు.

ఫ్రెస్నో ముందుకొచ్చినా దాని చెయ్యి ఎంత దూరం వెళ్తుందన్నది వేరే సంగతి. ఉద్యోగ, గృహ వివక్ష మీద అధికారాన్ని కాలిఫోర్నియా చట్టం అప్పట్లో చాలావరకు రాష్ట్రం చేతిలోనే ఉంచింది. ఫ్రీమాంట్‌లోనో కుపర్టినోలోనో తెలుగు ఉద్యోగికి కులం పేరుతో అన్యాయం జరిగితే రాష్ట్ర పౌరహక్కుల విభాగం గడప తొక్కొచ్చు. వంశమూలం కింద ఫిర్యాదు రాసి, కులం సంగతి విడమరిచి చెప్పాలి. గవర్నరు వీటో లేఖ నకలు కూడా జతచేసుకోవచ్చు. కులవివక్ష ఇప్పటికే చట్టవిరుద్ధమని అందులో రాసింది ఆయనే కదా!