‘గుడ్’ అంటే బాగాలేదని

పాత కామిక్స్ కొనేవాళ్ళ భాషలో ‘గుడ్’ అంటే బాగాలేదని అర్థం. పదికి రెండు మార్కులు. ‘వెరీ గుడ్’ అంటే నాలుగు. ‘ఫైన్’ ఆరు, ‘వెరీ ఫైన్’ ఎనిమిది, ‘నియర్ మింట్’ 9.4. పదికి పది వచ్చే పుస్తకాన్ని నేనింతవరకూ చూళ్ళేదు, చూస్తానన్న ఆశ కూడా లేదు. కిందికి వస్తే ‘ఫెయిర్’ ఒకటి, ‘పూర్’ అర. సున్నా మాత్రం లేదు. ఎంత చిరిగిపోయినదానికైనా అర మార్కు వేసి పంపిస్తారు. మా లెక్కల మాస్టారికి ఆపాటి దయ కూడా ఉండేది కాదు.

ఈ కొలత అమెరికా వాళ్ళది. 1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ అనే ఆయన పాత కామిక్స్ ధరలతో ఒక పుస్తకం వేయడం మొదలుపెట్టాడు. పిల్లల చిత్తుకాగితాలనుకున్నవాటికి ఒక బజారు, ఆ బజారుకి ఒక భాష గట్టిపడ్డాయి. 2000లో సీజీసీ అనే కంపెనీ వచ్చింది. పుస్తకం పంపితే పేజీలు లెక్కపెట్టి, మచ్చలూ మడతలూ చూసి, మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మూసేస్తారు. పెట్టె తెరిస్తే ఆ మార్కు చెల్లదు. సూపర్‌మాన్ మొదటిసారి కనిపించిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక (1938 జూన్), 9.0 మార్కున్న ప్రతి ఒకటి 2014లో 32 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. అచ్చయిననాడు దాని వెల పది సెంట్లు. కొన్నవాళ్ళు దాన్ని చూసుకోవచ్చు గానీ చదువుకోలేరు. బీరువాలో పెళ్ళినాటి పట్టుచీర లాంటిదనుకోండి. దాన్నైనా ఏడాదికోసారి తీసి మడత మారుస్తాం.

కామిక్స్ పోగుచేసేవాళ్ళు కథలు కథలుగా చెప్పుకునే ఇల్లు ఒకటి కొలరాడోలో ఉండేది. ఎడ్గార్ చర్చ్ అనే ఆయన ఏళ్ళ తరబడి కొని ఇంట్లో పేర్చుకున్న వేల కామిక్స్ 1977లో ఒక వ్యాపారి చేతికి వచ్చాయి. ముప్పై, నలభై ఏళ్ళనాటి పుస్తకాల్లో కాగితం ఇంకా తెల్లగానే ఉంది. ఆ కొండల మీద గాలి పొడి, చల్లన. కాగితానికి కావలసింది అదే.

ఇక మా ఊరు. ఎ.కొండూరు, పూర్తిగా చెప్పాలంటే అట్లప్రగడ కొండూరు. మైలవరం దాటి తిరువూరు వెళ్ళే దారిలో ఉంటుంది, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. మే నెలలో రేకుల కింద పెట్టిన కాగితం అప్పడమవుతుంది. శ్రావణంలో అదే కాగితం చెమ్మ పీల్చి మెత్తబడుతుంది. ఈ రెంటి మధ్య చెదలు. మట్టిగోడకి ఆనించిన ట్రంకుపెట్టెని ఆర్నెల్లు కదపకపోతే, తీసి చూసేసరికి అట్టలు మిగులుతాయి, లోపల మట్టి ఉంటుంది. కొలరాడో కొలతతో ఇక్కడి పుస్తకాన్ని కొలవడమేమిటని చాలాసార్లు అనుకున్నాను. అనుకుంటూనే ఇరవై ఏళ్ళుగా కొలుస్తున్నాను. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య ఇంకో భాష లేదు మరి.

నేను పోగుచేసేవి ఇంద్రజాల్ కామిక్స్. టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ళు 1964 మార్చిలో మొదలుపెట్టి 1990లో ఆపేశారు. మొదటి 32 సంచికలూ ఫాంటమే. ఆ తర్వాత మాండ్రేక్, ఫ్లాష్ గోర్డన్, రిప్ కిర్బీ వచ్చి కలిశారు. 1976 చివర్లో ఆబిద్ సూర్తీ పుట్టించిన బహదూర్ వచ్చాడు, కుర్తా జీన్సు వేసుకున్న మనవాడు. ఫాంటమ్ సూపర్‌మాన్ కంటే ముందువాడని చాలామందికి తెలీదు. లీ ఫాక్ 1936లోనే అతనికి ఆ బిగుతు దుస్తులూ ముసుగూ తొడిగాడు. మన దేశానికి వచ్చేసరికి కొన్ని పేర్లు మార్చాల్సివచ్చింది. అతనుండే ‘బెంగాలీ’ అనే దేశాన్ని ‘డెంకాలీ’ చేశారు. ఫాంటమ్ తండ్రిని చంపినవాడి పేరు రామా, దాన్ని ‘రామలు’ చేశారు. దేవుడి పేరు పోయి గొడవ తప్పింది గానీ, మా తరగతిలో ఉన్న ఇద్దరు రాములుల బతుకు దుర్భరమైంది. ఇంగ్లీషు ఎంత వచ్చో దేవుడికెరుక, ఆ ఒక్క ముక్క మాత్రం అందరికీ అర్థమైంది.

ఒక ఇంద్రజాల్ చేతికొస్తే నేను ముందు వాసన చూస్తాను. ముక్కిన వాసన ఉంటే లోపల ఎక్కడో బూజు ఉన్నట్టే, కంటికి కనపడకపోయినా సరే. తర్వాత పుస్తకాన్ని కంటికి సమానంగా పట్టుకుని వెన్ను చూస్తాను. మనవాళ్ళు కామిక్‌ని రెండుగా మడిచి జేబులోనో, మొలలోనో దోపుకునేవాళ్ళు. ఆ మడత నిలువునా తెల్లటి గీతై, అట్ట మీద రంగు రాలి ఉంటుంది. అది ఒక్కటి చాలు, ఆరు దాటదు. ఆ తర్వాత పిన్నులు. ఇనప పిన్ను చెమ్మకి తుప్పుపట్టి, చుట్టూ కాగితాన్ని కూడా తుప్పు చేస్తుంది. నడిమి పేజీ ఊడిపోయేది అక్కడే. ఊడిపోతే పర్వాలేదు, ఉండాలి. అందుకని పేజీలు లెక్కపెట్టకుండా నేను ఎవరికీ మార్కు చెప్పను. పేజీ తిప్పేటప్పుడు చప్పుడు వింటాను. మెత్తగా వాలితే ప్రాణం ఉన్నట్టు, చిటుక్కుమంటే రోజులు దగ్గర పడ్డట్టు.

పెన్ను రాతలు సరేసరి. ప్రతి దానిమీదా ఒక పేరు, ఒక తరగతి, ఒక సెక్షను. డయానాకి మీసాలు. అద్దె పుస్తకాల షాపు ముద్ర. ఇవన్నీ తప్పులే, మార్కులు తగ్గుతాయి. కానీ వాటిలో నాకు నిజంగా కోపం తెప్పించేది సెల్లో టేపు. చినిగింది కదా అని ప్రేమగా అంటిస్తారు. పదేళ్ళకి టేపు ఊడిపోతుంది, జిగురు మాత్రం గోధుమరంగు మచ్చై కాగితంలోకి దిగి తింటుంది. మైదాపిండి ఉడికించి అంటించినవాళ్ళు నయం. దాన్ని పురుగు తింటుందన్న మాట నిజమే, కానీ పురుగు తినకపోతే ఆ అతుకు యాభై ఏళ్ళయినా అలాగే ఉంటుంది.

తెలుగువాళ్ళం పుస్తకం దాచుకునే పద్ధతి వేరు, మనం బైండు చేయిస్తాం. 1947 జూలైలో మొదలైన చందమామలు ఈనాటికీ ఇళ్ళల్లో మిగిలాయంటే చాలావరకు బైండర్ల పుణ్యమే. పన్నెండు సంచికలు కలిపి, దారంతో కుట్టి, అంచులు సమంగా కోసి, క్యాలికో అట్ట వేసి ఇచ్చేవాళ్ళు. కుట్టు కోసం వేసిన కన్నం, కత్తికి పోయిన అంచు, ఒక్కోసారి దండగని చించేసిన పై అట్టలు – సీజీసీ లెక్కలో ఇవన్నీ క్షమించరాని నేరాలు. ఆ నేరాలు చేయని ఇళ్ళల్లో చందమామలు పొట్లాలైపోయాయి.

ఇదంతా సరదాగానే సాగేది, కిందటి ఏడు దాకా.

మా మండలం పేరు పేపర్లో ఎక్కేది రెండిటికి: మామిడికాయలకి, కిడ్నీలకి. తండాల్లో ఆ జబ్బు ఎన్నో ఇళ్ళని పట్టుకుంది. బోరునీళ్ళ మీద అందరికీ అనుమానం. కృష్ణా నీళ్ళు పైపుల్లో తెచ్చి ఇవ్వాలన్నది ఏళ్ళనాటి మాట. నాతో పదో తరగతి దాకా చదివిన మిత్రుడొకడు తండావాడు. రెండేళ్ళుగా డయాలసిస్‌లో ఉన్నాడు. డయాలసిస్‌కి డబ్బులు తీసుకోరు, నిజమే. కానీ వారానికి మూడుసార్లు రానూపోనూ ఆటో, తోడు వెళ్ళే భార్యకి పోయే కూలి, బయట కొనాల్సిన మందులు – ఇవెవరిస్తారు? ఒకరోజు ఫోన్ చేసి, “ఒరేయ్, మా నాన్న పుస్తకాలున్నాయి కదా, అమ్మిపెడతావా?” అన్నాడు.

వాళ్ళ నాన్న ఆర్టీసీలో కండక్టరు, బెజవాడ సర్వీసు. సీట్లలో జనం వదిలేసిన కామిక్స్ ఇంటికి తెచ్చేవాడు. ఆయనకి తెలుగు అక్షరాలే అంతంతమాత్రం, ఇంగ్లీషు ఎలాగూ రాదు. రాత్రి అన్నాలయ్యాక కొడుకు చదివి, వచ్చినంత మేరకు అర్థం చెప్పాలి. రాని చోట కల్పించి చెప్పేవాడట. కథ అయిపోగానే ఆయన టిక్కెట్లు కొట్టే పంచ్ తీసి, పుస్తకం మూలన ఒక్కటి కొట్టేవాడు. “టిక్కెట్టు అయిపోయింది, దిగు” అనేవాడు. ఈ సంగతి నాకు చిన్నప్పుడే తెలుసు. ఆ పంచ్ మోత కోసం నేను కూడా ఒకటి రెండు రాత్రులు వాళ్ళింటి అరుగు మీద కూర్చున్నాను.

పెట్టెలో 71 ఉన్నాయి. నులక మంచం మీద దుప్పటి పరిచి, పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం దాకా చూశాను. వాడు ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఫిస్టులా ఉన్న చెయ్యి, దాంతో బరువెత్తకూడదు. నేను మార్కు చెప్తుంటే వాళ్ళమ్మాయి నోటుపుస్తకంలో రాసింది. 26 పుస్తకాలకి పంచ్ కన్నాలున్నాయి. కన్నం అంటే కాగితం పోయినట్టు. మిగతా అంతా ఎంత బాగున్నా ఒకటి, ఒకటిన్నర. “మొత్తం చదివినవన్నీ ఫెయిలన్నమాట. సగంలో వదిలేసినవి పాసు” అని వాడు నవ్వాడు.

అందులో ఒకటి, ముప్పైలోపు సంచిక. ఆ తొలి సంచికలకి వేలల్లో పలుకుతుంది. అట్ట రంగు పోలేదు, మూలలు కుదురుగా ఉన్నాయి, కన్నం లేదు. చూడగానే ఆరు అనిపించింది. తెరిస్తే లోపలి పేజీలకి మూలన కన్నం ఉంది. పిన్నులు విప్పకుండానే వెన్ను దగ్గర చూస్తే అట్టకి వేరే పాత పిన్నుల కన్నాలు కనపడ్డాయి. అంటే అట్ట ఒక ప్రతిది, లోపలిది ఇంకో ప్రతిది. ఇలాంటివాటిని ‘మారీడ్’ అంటారు, పెళ్ళయిన పుస్తకం అన్నమాట. మిత్రుడికి గుర్తొచ్చింది. సగం పేజీలు పోయిన ప్రతి ఒకటి బస్సులో దొరికితే, దాని అట్ట తీసి తమ పుస్తకానికి వేసుకున్నారు. డిపోలో స్టాప్లర్ అడిగి కొట్టుకొచ్చాడట నాన్న.

కొనే ఆయన బెంగుళూరులో ఉంటాడు. నేను మార్కు చెప్తే పుస్తకం చూడకుండానే డబ్బు పంపిస్తాడు. అట్ట ఫొటో పంపితే చాలు. ఆరుకి, రెండుకి మధ్య తేడా వీళ్ళకి మూడు నెలల ఆటో డబ్బులు.

వాడి భార్య గడపలో నిలబడి వింటోంది. “పైకి కనపడదు కదన్నా?” అంది.

నేను ఏదో అనేలోపే వాడు అందుకున్నాడు. “ఉన్నది రాయించరా. రేపు నీ మాట ఎవడూ నమ్మకపోతే మిగతావి ఎవడు కొంటాడు?” అని, కాసేపాగి, “అయినా అది నాన్న కొట్టిన కన్నం” అన్నాడు.

రెండు అని చెప్పాను. అట్ట మార్చినది, పిన్నులు మార్చినవి, లోపల మూలన కన్నం అని అమ్మాయి చేత రాయించి, కన్నానికి కూడా ఫొటో తీసి పంపాను. బెంగుళూరాయన ఫోన్ చేసి, అన్నిటికీ ఒకే మూలన అంత గుండ్రంగా కన్నాలెందుకున్నాయని అడిగాడు. చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. “బాగుంది సార్. కానీ కథకి మార్కులుండవు కదా” అని, కన్నాల్లేని 45 మాత్రం తీసుకున్నాడు. ధర దగ్గర మాత్రం బేరమాడలేదు, ఆ రోజే డబ్బు పంపాడు. ఆయన్ని తప్పుపట్టను. ఆయన స్థానంలో ఉంటే నేనూ అంతే చేసేవాణ్ణి.

వచ్చిన డబ్బు ఆరు నెలలకి సరిపోలేదు. ఆ పెళ్ళయిన పుస్తకం ఆరుకి పోయుంటే సరిపోయేదే. వాడి భార్య ఇప్పటికీ నేను వెళ్తే మంచం వాల్చి, టీ ఇస్తుంది గానీ, ఎదురుగా కూర్చుని మాట్లాడదు. ఆమె కోపంలో న్యాయం ఉంది. ఉన్నదున్నట్టు చెప్పి నేను కాపాడుకున్నది నా పేరు. దానికైన ఖర్చు వాళ్ళది.

మిగిలిన 26 నేను కొంటానంటే వాడు ఒప్పుకోలేదు. “నువ్వు దాచేవి మంచి పుస్తకాలురా, వీటిని ఎక్కడ పెడతావు?” అన్నాడు. ఎగతాళో నిజమో ఇప్పటికీ తేల్చుకోలేదు. పెట్టె కింద నాలుగు ఇటుకలు పెట్టించి, గోడకి జానెడు ఎడంగా జరిపించాను. ఎండు వేపాకు, కర్పూరం వేశాను. కర్పూరం కాగితానికి తగలకుండా గుడ్డలో కట్టాలి, అది చాలామంది మర్చిపోతారు. అమ్మాయి ఇంటర్ చదువుతోంది, ఇంగ్లీషు కోసమని అప్పుడప్పుడూ ఒకటి తీసి చదువుతోందట. చేతులు తడి లేకుండా తుడుచుకుని పట్టుకోమన్నాను.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు వాడు పెట్టె తెరిపించి, నంబర్ల చిట్టీ ఒకటి తీశాడు. వాళ్ళ నాన్న కోసం చిన్నప్పుడు రాసిచ్చినది, దొరకని సంచికల జాబితా. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని బెజవాడలో పాత పుస్తకాలవాళ్ళని అడిగేవాడట. 122 ఉంది, 125 ఉంది, మధ్యలోవి రెండూ ఎంత వెతికినా దొరకలేదన్నాడు.

“123, 124 అసలు అచ్చే కాలేదురా. ప్రెస్సులో సమ్మె” అన్నాను.

వాడు చిట్టీ వైపు చూసి, నా వైపు చూశాడు. “ముందే చెప్పొచ్చుగా. మా నాన్న లెనిన్ సెంటర్లో ఎన్ని ఎండాకాలాలు తిరిగాడో!”