మొదటి మెట్టుకు పద్దు లేదు

హేగ్‌లోని శాంతి సౌధం చూసి రాయమన్నారు సంపాదకులు. అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ ఇచ్చిన 15 లక్షల డాలర్లతో కట్టి 1913లో తెరిచిన భవనం అది. జర్మనీ గేట్లు పంపింది, స్విట్జర్లాండ్ గడియారం పంపింది, రష్యా మూడు టన్నులకు పైబడిన రాతి కలశం పంపింది. ఆ వివరాలన్నీ ఆడియో గైడ్ చెబుతుంది. నా కళ్లు మాత్రం సౌధానికి దగ్గర్లోని కాఫీ దుకాణంలో కలిసిన గుంటూరు జిల్లా అమ్మాయి చేతుల మీదే నిలిచిపోయాయి.

ఆమె ఇక్కడి లా ఫర్మ్‌లో జూనియర్. నడుస్తున్న కేసులు గోప్యం కాబట్టి, అందరికీ అందుబాటులో ఉన్న ‘ఎన్రికా లెక్సీ’ ఆర్బిట్రేషన్ తీర్పు తెరిచి తన పని ఎలా ఉంటుందో చూపించింది. ఒక ఫుట్‌నోట్ మీద వేలు పెట్టింది. అది చెప్పిన పత్రం వెతికింది, పేజీ సరిచూసింది, పేరా సరిచూసింది. తరువాతి ఫుట్‌నోట్‌కు వెళ్లింది. ఎక్కడా తొందర లేదు. ఆర్బిట్రేషన్ కేసుల్లో సాధారణంగా వాది పత్రాలకు ‘సి’, ప్రతివాదివాటికి ‘ఆర్’ వరుస నంబర్లు. ఒక్క నంబరు తప్పితే విచారణ గదిలో సీనియర్ మాట తడబడుతుంది. ఈ వృత్తిలోకి వచ్చినవాళ్లు తొలి ఏళ్లలో చేసే పని చాలావరకు ఇదే. ఆ శ్రద్ధ చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఆ తీర్పులో తెలుగువాళ్లున్నారు. 2012లో కేరళ తీరంలో ‘ఎన్రికా లెక్సీ’ నౌక మీది ఇటలీ నౌకాదళ సైనికుల కాల్పులకు ఇద్దరు జాలర్లు బలైన కేసు అది. ఐదుగురు సభ్యుల ట్రైబ్యునల్‌కు భారత్ మొదట నియమించినది పి. చంద్రశేఖరరావును. అప్పటి కృష్ణా జిల్లా వీరులపాడులో పుట్టి, హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రైబ్యునల్‌కు అధ్యక్షుడైన మనిషి ఆయన. 2018లో ఆయన కన్నుమూశాక పెమ్మరాజు శ్రీనివాసరావు వచ్చారు. 2020 మే 21న ముగ్గురు సభ్యులు ఆ సైనికులకు రక్షణ ఉందని, భారత్ వాళ్లను విచారించకూడదని తేల్చితే, శ్రీనివాసరావు, పాట్రిక్ రాబిన్సన్ విభేదించారు.

ఈ ఇద్దరు రావులూ విదేశాంగ శాఖ న్యాయ విభాగంలో రాటుదేలినవారే. వాళ్లు పని నేర్చుకున్న ఏళ్లలో జీతం ప్రభుత్వం ఇచ్చింది.

ఈ అమ్మాయికి ఎవరిచ్చారు?

“మూట్ కోర్టు వాదన పోటీలో గెలిచినప్పుడు మా కాలేజీవాళ్లు శాలువా కప్పి ఫొటో దిగారు సార్. ఇక్కడ శిక్షణకు పంపమంటే పద్దు లేదన్నారు,” అంది. చివరికి అప్పు చేసి ఎల్ఎల్ఎం చదివి వచ్చింది.

ఈ సౌధంలోనే ఉన్న అంతర్జాతీయ న్యాయస్థానం ఏటా కొత్త న్యాయ పట్టభద్రులను జడ్జీల దగ్గర పనిలో పెట్టుకుంటుంది. పేరు పంపిన విశ్వవిద్యాలయమే వాళ్ల ఖర్చు భరించాలి. అందువల్ల సంపన్న సంస్థల విద్యార్థులకే ఆ దారి సుగమమైంది. వర్ధమాన దేశాలవారి కోసం ట్రస్టు నిధి పెట్టాలని ఐక్యరాజ్య సమితి 2020 డిసెంబరులో తీర్మానించింది గానీ, అది కొద్దిమందికే సరిపోతుంది.

ఇటు మన హైదరాబాద్‌లో 2021లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం ప్రారంభమైంది. హాళ్లు, కుర్చీలు డబ్బుతో వస్తాయి. ఫుట్‌నోట్లు సరిచూసే మనిషి తయారు కావడానికి ఏళ్లు పడుతుంది. మన రెండు రాష్ట్రాల న్యాయ విశ్వవిద్యాలయాలు ఏడాదికి ఒక్కొక్కరిని ఇలాంటి శిక్షణకు పంపే ఖర్చయినా తమ బడ్జెట్‌లో చేర్చాలి. ఆ అమ్మాయి బాకీ ఇంకా తీరలేదు. చెల్లెలు లా చదువుతానంటే, ఒక అప్పు చాలని ఇంట్లో వద్దన్నారట.