పేరు చివరి ‘ఓ’

క్వార్టర్‌బాక్ చేతికి బంతి వచ్చాక అతనికి దొరికే టైము రెండున్నర సెకన్లు, మహా అయితే మూడు. ఆ మూడు సెకన్లూ అతని ముందు ఐదుగురు గోడలా నిలబడతారు. ఒక్కొక్కడు 140 కిలోలకి అటూ ఇటూగా ఉంటాడు. వాళ్ల వీపులు అతని వైపు, ముఖాలు దూసుకొచ్చే అవతలి టీమ్ వైపు. బంతి ఎటు పోయిందో వాళ్లకి కనిపించదు, స్టేడియం అరుపుని బట్టి తెలుసుకోవాలి. టీవీలో వాళ్ల పేర్లు ఎక్కువగా వినబడేది తప్పు చేసినప్పుడే. వెనకున్నవాడు ఎవడైనా సరే వాళ్లు అడ్డం నిలబడతారు, అది వాళ్ల పని. కానీ ఇంకో అరసెకను ఎక్కువ నిలబడాలంటే మాత్రం వెనకున్నవాడు వాళ్లకి నచ్చాలి. ఈ ఆట నాకు అర్థమైనంతవరకు, అసలు కథంతా ఆ అరసెకనులోనే ఉంది.

2018 మేలో జో బరో లూసియానా స్టేట్ యూనివర్సిటీలో చేరతానన్నప్పుడు అక్కడివాళ్లకి అతని మీద ప్రేమ ఉండటానికి కారణమేమీ లేదు. ఉత్తరాదివాడు. ఒహాయోలో ఆథెన్స్ అనే చిన్న ఊరి దగ్గర పెరిగాడు. నాన్న జిమ్ బరో ఆ ఊరి యూనివర్సిటీ టీమ్‌కి డిఫెన్స్ కోచ్. సొంత రాష్ట్రంలో అందరూ కలలుగనే ఒహాయో స్టేట్ టీమ్‌లో సీటైతే దొరికింది గానీ, మూడేళ్లూ బెంచీ మీదే గడిచాయి. 2017 ఆగస్టులో చెయ్యి విరిగింది. ఆ గ్యాప్‌లో డ్వేన్ హాస్కిన్స్ ముందుకెళ్లిపోయాడు. మూడేళ్లలో మ్యాచుల్లో బరో వేసిన పాసులు మొత్తం 39. (తర్వాత 2019లో అలబామా మీద ఒక్క మధ్యాహ్నం వేసినవి కూడా సరిగ్గా 39. ఇలాంటి అంకెలు నాకు పిచ్చి ఆనందాన్నిస్తాయి.) డిగ్రీ చేతికొచ్చినవాడు వేరే కాలేజీకి మారితే ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదన్న రూలు అప్పట్లో ఉండేది. అతను మూడేళ్లకే డిగ్రీ ముగించుకుని, మిగిలిన రెండేళ్ల ఆట సంచిలో వేసుకుని దక్షిణాదికి వచ్చేశాడు.

అదే ఏడాది ఆగస్టులో నేనూ ఎమ్మెస్‌కని బాటన్ రూజ్‌లో దిగాను. ఒంగోలు ఉక్కపోతకి అలవాటు పడ్డవాణ్ణి కాబట్టి వాతావరణం కొత్త అనిపించలేదు. కొత్తగా అనిపించింది శనివారాలు. లక్షా రెండు వేల మంది పట్టే టైగర్ స్టేడియం క్యాంపస్ మధ్యలోనే ఉంది. మ్యాచ్ ఉన్న రోజున తెల్లారేసరికే టెంట్లు వేసుకుని, పెద్దపెద్ద గిన్నెల్లో వంటలు మొదలుపెట్టేస్తారు. మా రూమ్మేట్లకి ఈ ఆట ఎక్కలేదు. “నిమిషం ఆడి ఐదు నిమిషాలు ఆగుతారేంట్రా” అని మళ్లీ క్రికెట్ పెట్టుకునేవాళ్లు. నాకు ఎక్కించింది మా ల్యాబ్‌లోని ఒక కుర్రాడు. బాటన్ రూజ్‌కి పడమర, చిత్తడినేలల వైపు ఊరు వాళ్లది. వాళ్లు కేజన్లు.

కేజన్ల గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మిగతా కథ నడవదు. వీళ్ల పూర్వీకులు ఇప్పటి కెనడాలోని అకాడియా అనే ప్రాంతంలో ఉండే ఫ్రెంచివాళ్లు. 18వ శతాబ్దం మధ్యలో బ్రిటిష్‌వాళ్లు వాళ్లని అక్కడినుంచి తరిమేస్తే, చెదిరిపోయినవాళ్లలో కొందరు తిరిగీ తిరిగీ లూసియానా చేరారు. ఫ్రెంచే మాట్లాడుకున్నారు. 1921లో రాష్ట్ర రాజ్యాంగం స్కూళ్లలో చదువు ఇంగ్లీషులోనే సాగాలంది. తర్వాతి తరాల పిల్లలు బళ్లో ఫ్రెంచి మాట్లాడి దెబ్బలు తిన్నారు, “మాట్లాడను” అని వందలసార్లు ఇంపోజిషన్లు రాశారు. మా ల్యాబ్ కుర్రాడి తాతకి ఫ్రెంచి వచ్చు, నాన్నకి అర్థమవుతుంది, వీడికి రాదు. వీడికి మిగిలిందల్లా ఇంటిపేరు చివరున్న నాలుగక్షరాలు: ఈ, ఏ, యూ, ఎక్స్. నాలుగూ కలిపి పలికేది ఉత్త ‘ఓ’. ఆ నాలుగక్షరాలంటే అక్కడివాళ్లకి ఎంత మమకారమంటే, ‘గో టైగర్స్’ అనే నినాదంలో ‘గో’ని కూడా అలాగే రాస్తారు, జీ తర్వాత ఆ నాలుగూ తగిలించి. నేను వచ్చిన కొత్తలో ఆ పోస్టర్ చూసి “జియాక్స్” అని చదివాను. ల్యాబంతా నవ్వారు.

ఇక 2018 సీజన్. ఎల్‌ఎస్‌యూ అంటే డిఫెన్స్, రన్నింగ్. క్వార్టర్‌బాక్ విషయంలో ఏళ్ల తరబడి ఏడుపే. అలబామా చేతిలో వరసగా ఓడుతున్నారు. కోచ్ ఎడ్ ఆర్జెరాన్ అచ్చంగా ఆ నేల మనిషి, బొంగురు గొంతుతో కేజన్ యాసలో మాట్లాడతాడు. ఆయన మీదా జనానికి పూర్తి నమ్మకం లేదు. మిసిసిప్పీలో ఫెయిలై వచ్చినవాడు కదా, ఈయనేం చేస్తాడు అని. అలాంటాయన బెంచీ మీది ఒహాయో కుర్రాణ్ణి తీసుకొచ్చేసరికి, సీజన్ మొదలవకముందే టీమ్‌లో ఉన్న ఇద్దరు క్వార్టర్‌బాకులు వేరే కాలేజీలకి వెళ్లిపోయారు. మైల్స్ బ్రెనన్ అనే పక్క రాష్ట్రం కుర్రాడొక్కడు ఉండిపోయాడు. మా ల్యాబ్ కుర్రాడు ఆ శరత్కాలమంతా బరోని పేరు పెట్టి పిలవలేదు. “ఆ ఒహాయో అబ్బాయి” అనేవాడు. ఆబర్న్‌ని వాళ్ల ఊళ్లోనే 22-21తో కొట్టినప్పుడు “పర్లేదు” అన్నాడు. నవంబర్‌లో అలబామా ఇక్కడికొచ్చి 29-0తో తొక్కేసి వెళ్లాక ఏమీ అనలేదు. అది వాళ్లకి వరసగా ఎనిమిదో ఓటమి.

ఫ్యాన్స్ సంగతి అది. టీమ్ సంగతి వేరేగా నడుస్తోందని నాకు టెక్సాస్ ఎ అండ్ ఎమ్ మ్యాచ్‌లో అర్థమైంది. 2018 నవంబర్ 24. గెలిచేశామనుకుని ఆటగాళ్లు కోచ్ నెత్తిన కూల్‌డ్రింకు కూడా కుమ్మరించేశారు. తీరా చూస్తే ఆట అయిపోలేదు. ఒక సెకను మిగిలింది, అవతలివాళ్లు సమం చేశారు. తర్వాత ఏడు ఓవర్‌టైములు. 74-72తో ఎల్‌ఎస్‌యూ ఓడిపోయింది. ఆ రోజు బరో బంతి పట్టుకుని 29 సార్లు తనే పరిగెత్తాడు, 100 గజాలు. క్వార్టర్‌బాక్ చేసే పని కాదది. చివరి ఓవర్‌టైముల్లో కాళ్లు తేలిపోతున్నా మళ్లీ గుద్దుకోడానికి పోతున్నాడు. నేను రూమ్‌లో లాప్‌టాప్‌లో చూస్తున్నాను. ప్రతిసారీ అతన్ని లేపుతున్నది ఆ ఐదుగురిలోనే ఎవరో ఒకరు. ఒకడు చెయ్యందించి లేపి, భుజం మీద చెయ్యి వేసి అలాగే నాలుగడుగులు నడిపించుకెళ్లాడు. సీజన్ మొదట్లో ఇది చూసిన గుర్తు లేదు నాకు.

ఆ తర్వాత 2019 జనవరి 1, ఫియెస్టా బౌల్. అవతల 25 మ్యాచులుగా ఓడని సెంట్రల్ ఫ్లోరిడా. మొదటి క్వార్టర్‌లోనే బరో వేసిన పాస్ అవతలివాడి చేతుల్లో పడింది. వాడు 93 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. వాణ్ణి ఆపడానికి వెంటపడుతున్న బరోని పక్కనుంచి ఒక భారీ డిఫెన్స్ ఆటగాడు వచ్చి గుద్దిన గుద్దుకి మనిషి ఎగిరి పడ్డాడు. కాసేపు లేవలేదు. స్కోరు 14-3. ఇక బ్రెనన్‌ని దించుతారనుకున్నారందరూ. లేచాడు. తర్వాతి డ్రైవ్‌కి తనే వచ్చి టచ్‌డౌన్ వేశాడు. మొత్తం నాలుగు టచ్‌డౌన్లు, 394 గజాలు. 40-32తో గెలిచారు.

నేను పట్టించుకున్నది గెలుపుని కాదు. ఛాంపియన్‌షిప్ రేసులో లేని జట్టు ఆడుతున్న మ్యాచ్ అది. పడ్డవాడు పడ్డట్టే ఉండి ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. అక్కడ లేవడానికి అతనికేమీ లాభం లేదు కాబట్టే టీమ్ కళ్లలో దానికి విలువ వచ్చిందని నా అనుమానం. మాటలతో టీమ్‌ని గెలుచుకోవడం గురించి కోచులు పుస్తకాలు రాస్తారు. నిజానికి ఆ ఐదుగురూ రోజూ దెబ్బలు తినే జనం. తమలాగే దెబ్బ తిన్నవాడే వాళ్ల మనిషి.

2019 గురించి ప్రపంచమంతా రాసింది కాబట్టి గబగబా చెప్పేస్తాను. న్యూఆర్లియన్స్ సెయింట్స్ నుంచి జో బ్రేడీ అనే కుర్ర కోచ్ వచ్చి పాసింగ్ ఆట తెచ్చాడు. 60 టచ్‌డౌన్లు, 5,671 గజాలు, 15కి 15 గెలుపులు. నవంబర్ 9న అలబామాలోనే అలబామాని 46-41తో కొట్టారు. టీమ్‌మేట్లు బరోని భుజాల మీద మోసుకెళ్లారు. ఆ సోమవారం మా ల్యాబ్ కుర్రాడు వచ్చి “చూశావా మన జోని” అన్నాడు. ‘మన’ అని తెలుగులో అనలేదు గానీ, నాకు అలాగే వినబడింది. సరిగ్గా లెక్కేస్తే, టీమ్ కన్నా ఊరు పదినెలలు లేటు. టీమ్ అతను ఓడినప్పుడు కలుపుకుంది, ఊరు గెలిచాక.

నవంబర్ 30. సీనియర్లకి ఆ స్టేడియంలో ఆఖరి రాత్రి. ఆటకి ముందు ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తారు, వాళ్లు పరిగెత్తుకొచ్చి అమ్మానాన్నల్ని కావిలించుకుంటారు. స్టూడెంట్ టికెట్ మీద నేనూ వెళ్లాను. అతని నాన్న జిమ్ బరో కొడుకు ఆటలు చూడటానికే ఆ ఏడాది కోచింగ్ మానుకున్నాడు. 9వ నంబర్ పరిగెత్తుకొచ్చాడు. ముందు కొన్ని వరసలవాళ్లు అరిచారు, తర్వాత పెద్ద తెర మీద వీపు చూపించేసరికి స్టేడియమంతా లేచింది. జెర్సీ మీద పేరు మారి ఉంది. ‘బరో’ చివర ఆ నాలుగక్షరాలు: ఈ, ఏ, యూ, ఎక్స్.

తెలుగులో రాస్తే ఈ సంగతి బొత్తిగా పోతుంది. పాత పేరూ ‘బరో’నే, కొత్త పేరూ ‘బరో’నే. మన లిపి పలికినట్టు రాసుకుంటుంది, దానికి ఆ తేడా పట్టదు. కానీ నా పక్క సీటులో ఉన్న అరవై ఏళ్లావిడ కళ్లు తుడుచుకుంటోంది. ఆవిడకి తెలుసు ఆ అక్షరాల కోసం ఎవరు ఎన్ని దెబ్బలు తిన్నారో. ఆ కుర్రాడు కాసేపటికి లోపలికెళ్లి, మామూలు జెర్సీ వేసుకొచ్చి ఆడాడు. టెక్సాస్ ఎ అండ్ ఎమ్ మీద 50-7. నాకు అది కూడా నచ్చింది. వాళ్ల పేరు తీసుకున్నాడు, ఆడేటప్పుడు తన పేరుతోనే ఆడాడు.

నేను వీటిని కొంచెం ఎక్కువగానే పట్టించుకున్నానని తెలుసు. అప్పటికి ఊళ్లోని కాఫీ షాపు కుర్రాళ్లు కప్పు మీద నా పేరుని మూడు అక్షరాలకి కుదించారు. ఆ మూడక్షరాలకి నేను పలికేవాణ్ణి కూడా. ఎవరూ దురుసుగా లేరు, నవ్వుతూనే కాఫీ ఇచ్చేవాళ్లు. ఏడాదిన్నరలో నా పేరు తగ్గింది, బరో పేరు పెరిగింది. అతను పాసులు వేస్తాడు, నేను ల్యాబ్‌లో మట్టి శాంపిల్స్ ఆరబెడతాను. పోలిక న్యాయం కాదు. అయినా స్టేడియంలో ఆ వీపు చూసినప్పుడు మనసులో కదిలింది సంతోషమొక్కటే కాదు.

డిసెంబర్ 14న హైస్‌మన్ ట్రోఫీ తీసుకుంటూ అతను ఏడ్చాడు. లూసియానా తనని సొంతం చేసుకున్నందుకు థాంక్స్ చెప్పాడు, ఆథెన్స్ గురించీ మాట్లాడాడు, అక్కడ ఇంటికెళితే తినడానికి పెద్దగా ఏమీ ఉండని పిల్లల గురించి. దాంతో ఆ కౌంటీ ఫుడ్ పాంట్రీకి నాలుగు లక్షల డాలర్ల పైన విరాళాలు వచ్చిపడ్డాయి. నెల తిరక్కుండా న్యూఆర్లియన్స్‌లో క్లెమ్సన్ మీద 42-25తో ఛాంపియన్‌షిప్ గెలిచి, ఏప్రిల్‌లో సిన్సినాటీకి, అంటే మళ్లీ ఒహాయోకే వెళ్లిపోయాడు.

బ్రెనన్ మాత్రం అక్కడే ఉన్నాడు. రెండేళ్లు బరో వెనక నిలబడి, 2020లో తన వంతు వస్తే మూడు మ్యాచులు ఆడి గాయపడ్డాడు. 2021 సీజన్‌కి ముందు చెయ్యి విరిగింది. 2022లో మళ్లీ తిరిగొచ్చి, ఆగస్టులో ఇక ఆడనని ప్రకటించాడు. ఆ వార్త వచ్చేనాటికి నేను ఉద్యోగం మీద డాలస్‌లో ఉన్నాను. మా ల్యాబ్ కుర్రాడికి మెసేజ్ పెట్టాను. “మంచివాడు, ఎక్కడికీ పోలేదు” అని జవాబిచ్చాడు. బ్రెనన్‌ని వాడు ఎప్పుడూ మైల్స్ అనే పిలిచేవాడు, వచ్చిన మొదటి రోజు నుంచీ.