అడవి అంచున ఎనిమిదో హీరో

ఖమ్మంలో బస్సెక్కితే భద్రాచలానికి దాదాపు 120 కిలోమీటర్లు. వైరా, తల్లాడ దాకా పొలాలు, కొత్తగూడెంలో బొగ్గు, పాల్వంచలో పొగగొట్టాలు. ఆ తర్వాత అసలు సినిమా మొదలు! టేకుచెట్లు రోడ్డు మీదకి వంగి తొంగి చూస్తుంటాయి. సారపాక దాటి వంతెన ఎక్కగానే ముసలమ్మలంతా గోదారికి చేతులు జోడిస్తారు. జోడించరూ మరి! 1986లో ఇక్కడ నీళ్ళు 75.6 అడుగులకి వచ్చాయి, 2022 జూలైలో 71.3 అడుగులకి. కుర్రాళ్ళు మాత్రం సెల్‌ఫోన్లో సిగ్నల్ గీతలు లెక్కపెట్టుకుంటారు. పట్నం దాటితే అవి ఉంటాయో లేదో రాములవారికే ఎరుక.

నేను వెళ్ళాల్సింది ఇంకా ముందుకి... ఎటపాక దాటి, చింతూరు దారిలో మా అక్క వాళ్ళ ఊరికి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు భద్రాచలం పట్నం తెలంగాణలో ఉండిపోయింది, పక్క పల్లెలు చాలావరకు ఆంధ్రాకి వెళ్ళాయి. రాముడి దర్శనానికి మా అక్క రాష్ట్రం దాటి రావాలన్నమాట! 2022లో ఆ పల్లెల్ని అల్లూరి సీతారామరాజు పేరిట వచ్చిన జిల్లాలో కలిపారు. 1974లో కృష్ణగారు ఆ పాత్రని ఒంటిచేత్తో మోశారు. 2022లో రాజమౌళి మాత్రం ఆయన పక్కన కొమురం భీముణ్ణి నిలబెట్టారు. చరిత్రలో ఆ ఇద్దరూ కలిసి పోరాడిందేమీ లేదు, అయినా జట్టు ఎంత బాగా కుదిరిందో మీరూ చూశారుగా!

మా మేనల్లుడికి పందొమ్మిదేళ్ళు. వాడికీ ఒక హీరో ఉన్నాడు. ఆకుపచ్చ డ్రెస్సు, నెత్తిన కొమ్ములు. 'డీసీ యూనివర్స్ ఆన్‌లైన్' అని 2011లో మొదలైన ఆట అది. సూపర్‌మాన్, బాట్‌మాన్ ఉండే లోకంలో మన హీరోని మనమే తయారుచేసుకుంటాం. ఎగరాలా, పరిగెత్తాలా? నిప్పా, మంచా, మంత్రమా? అంతా మన ఇష్టమే. మావాడు ప్రకృతి శక్తి తీసుకున్నాడు. కొమ్ములెందుకురా అంటే, "మన కోయవాళ్ళ కొమ్ము డాన్సు చూళ్ళేదా మామయ్యా?" అన్నాడు.

ఈ ఆట ఒంటరిగానూ ఆడొచ్చు, జట్టుగానూ ఆడొచ్చు. ఒంటరిగా అయితే కథంతా మనదే, తొందరపెట్టేవాడు ఉండడు. ఒక్కడే వందమందిని చితక్కొట్టొచ్చు - అచ్చం మన మాస్ సినిమా! జట్టు సంగతి వేరు. నలుగురు ఆడేవి కొన్ని, ఎనిమిదిమంది ఆడేవి కొన్ని. అక్కడి విలన్ల ముందు ఒంటరి వీరుడు అర నిమిషం నిలవడు. అందుకే పని పంచుకుంటారు. దెబ్బలన్నీ తన మీదకి లాక్కునేవాడు టాంకు. శక్తి తగ్గినవాళ్ళకి శక్తి అందించేవాడు కంట్రోలరు. కొట్టేవాళ్ళు కొట్టేవాళ్ళే. ప్రాణం నిలబెట్టేవాడు హీలరు. పాపం, హీలరుకి ఈలలు పడవు! విలన్ మొహమైనా సరిగ్గా చూడడు, జట్టువాళ్ళ ప్రాణం గీతల మీదే వాడి కన్ను. వాడు పది సెకన్లు లేకపోతే మిగతా ఏడుగురూ గోవిందా.

మావాడు హీలరు. ఉండేది ఈ ఊళ్ళో! ఫోను పెంకుటింటి చూరుకి కట్టి, ఆ నెట్‌తో ఆడతాడు. ఆట సర్వర్లేమో విదేశాల్లో. ఓ వాన రాత్రి ఎనిమిదిమంది ఆట చివరికొచ్చాక లైను పోయింది. గంట తర్వాత వచ్చి చూస్తే జట్టులో వీడి పేరు లేదు. అలా మూడుసార్లయ్యాక పిలవడమే మానేశారట.

"ఒంటరిగానే హాయిగా ఉంది మామయ్యా, ఎవడికీ జవాబు చెప్పక్కర్లేదు" అన్నాడు. ఆ గొంతులో హాయి నాకేమీ వినపడలేదు. తోటివాళ్ళంతా ఖమ్మం, హైదరాబాదు కాలేజీలకి పోయారు. వీడు అమ్మకి తోడుగా ఉండిపోయాడు. రాత్రిపూట వీడితో మాట్లాడే ఈడువాళ్ళు ఆ ఏడుగురే. అక్కకి అదంతా కళ్ళు పోగొట్టుకునే కాలక్షేపం. నాకలా అనిపించలేదు.

మర్నాడు పర్ణశాలకి తీసుకెళ్ళాను. సీతమ్మని రావణుడు ఎత్తుకెళ్ళింది ఇక్కడేనని జనం నమ్మకం. మావాడు బొమ్మల ముందు నిలబడి తేల్చేశాడు: "రాముడు లేడి వెంట, లక్ష్మణుడు రాముడి వెంట. జట్టు విడిపోయింది మామయ్యా, అక్కడే దెబ్బతిన్నారు."

వచ్చేటప్పుడు దారిలో ఒక గూడెంలో పెళ్ళి. అడవిదున్న కొమ్ములు, నెమలీకలు తలకి కట్టుకుని మగవాళ్ళు డోళ్ళు వాయిస్తున్నారు. ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని వరసగా అడుగులేస్తున్నారు. ఇద్దరు దున్నల్లా కొమ్ములు కలిపి ఢీకొంటే పిల్లలు కేరింతలు! ఒక పెద్దాయన అలసిపోయి డోలు దించాడు. వెనక నుంచి ఓ కుర్రాడు అందుకుని భుజాన వేసుకున్నాడు. దెబ్బ తప్పలేదు. పెద్దాయన నీళ్ళు తాగి, చుట్ట కాల్చుకుని మళ్ళీ వచ్చి తన డోలు తను తీసుకున్నాడు. మావాడు పెళ్ళిభోజనం కూడా మర్చిపోయి అదే చూస్తూ నిలబడ్డాడు.

ఆ రాత్రి జట్టుకి నాలుగు ముక్కలు రాశాడు. నాకూ చూపించాడు. 'వాన రోజుల్లో నన్ను పిలవకండి. మామూలు రోజుల్లో పిలవండి. నాతోపాటు ఇంకో హీలర్ని పెట్టుకోండి. నా లైను పోతే వాడు అందుకుంటాడు, వచ్చాక నేను అందుకుంటా.'

అన్నం తిని లేచేసరికి జవాబొచ్చింది: 'ఈ రాత్రి మీ దగ్గర వానా?'

మావాడు చెయ్యి కూడా తుడుచుకోకుండా వాకిట్లోకి పరిగెత్తి ఆకాశంలోకి చూశాడు.