కోతి ఎముకలకు మనం పడిన బాకీ

మా గంపలగూడెంలో కోతిని తిట్టని ఇల్లాలు ఉండదు. ఆంజనేయునికి తమలపాకుల దండ వేయని ఇల్లాలూ ఉండదు. తిట్టుకూ దండానికీ అవతల, తెలుగువారు కోతికి పడిన బాకీ మరొకటి ఉన్నదని చాలామంది ఎరుగరు.

మా పెద్దమ్మను నల్లగొండ వైపు ఇచ్చారు. వెనుక నుండి పిలిస్తే ఆమె మెడ తిప్పేది కాదు, నిలువునా ఒళ్ళంతా తిప్పేది. ఆమె వెన్నెముక ఎక్స్‌రేను నేను కిటికీ వెలుతురులో చూశాను. ఎముక తెల్లగా, చిక్కగా ఉంది. తెలియని కంటికి అది బలమనే తోస్తుంది. నిజానికది ఏళ్ళ తరబడి తాగిన ఫ్లోరైడు. అది ముదిరితే కీళ్ళను పట్టి ఉంచే పట్టీలు సైతం ఎముకగా మారిపోతాయి. ముంజేతిలోని రెండు ఎముకల నడిమి పొర గట్టిపడి ఛాయగా కనబడితే వైద్యులు దానిని ఈ జబ్బుకు బలమైన గుర్తుగా ఎంచుతారు.

మన దేశంలో ఈ వ్యాధి మొదట వెలుగుచూసింది తెలుగునేల మీదనే. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా నుండి దీనిని వర్ణించారు. అయితే ఒకే బావి నీళ్ళు తాగినవారిలో ఒకరు ఎక్కువగా, మరొకరు తక్కువగా వంగిపోవడమెందుకు? తిండిలో తేడానా? పల్లెలో ఎవరి కంచాన్నీ కొలిచి శాసించలేం. విటమిన్ సి సంగతి తేల్చడానికి ఎలుక పనికిరాదు. దాని ఒంట్లో అది తనంత తానే తయారవుతుంది. మనిషికీ కోతికీ ఆ భాగ్యం లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన రెడ్డి, శ్రీకాంతయ్య కోతులపై ప్రయోగాలు చేసి, కాల్షియం, విటమిన్ సి, మాంసకృత్తుల పాత్రను 1971లో చర్చించారు. ఆ మూగజీవాల ఎముకల ఎక్స్‌రేలూ అందులో సాక్ష్యాలే.

1973లో అదే సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్లగొండ ప్రాంతపు పిల్లల కాళ్ళ వంకరను ‘లాన్సెట్’ పత్రికలో వివరించారు. మోకాళ్ళు రాసుకుంటాయి, పాదాలు ఎడంగా పోతాయి. వెన్ను చిక్కబడుతుంటే, కాళ్ళ ఎముకలు గుల్లబారుతాయి. ఒకే దేహంలో రెండు విరుద్ధ చిత్రాలు!

ఆ కోతులు తమంత తాము ఒప్పుకొని బోనులోకి పోలేదు. వాటి బాధ న్యాయమా అని అడిగితే నా వద్ద తడుముకోని జవాబు లేదు. ఆ జ్ఞానాన్ని వాడుకోకపోవడం మాత్రం రెండో అన్యాయమని గట్టిగా చెప్పగలను. బిగిసిన వెన్ను తిరిగి వంగదు. ఎక్స్‌రే చెప్పేది గడచిన కథ. రాబోయే కథ నీటిలో ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. మీ ఊరి బోరు నీళ్ళు ఆ గీతకు ఏ వైపున ఉన్నాయో ఎప్పుడైనా కనుక్కున్నారా?