అమ్మకు వేడి బజ్జీ

పిల్లలూ! మీ అమ్మకు ఏ తిండి అంటే ఇష్టమో మీకు తెలుసా? నాకు పదకొండో ఏడు వచ్చేదాకా తెలియదు.

మా ఇల్లు తెనాలిలో. వాన పడితే చాలు, మా అమ్మ బ్రెడ్డు బజ్జీలు వేసేది. రెండు బ్రెడ్డు ముక్కల మధ్య బంగాళాదుంప కూర పెట్టి, ఐమూలగా కోసి, శనగపిండిలో ముంచి, నూనెలో వేయించేది. అవి బాణలిలోంచి తీసినవి తీసినట్టే నాన్నగారూ, అన్నయ్యా, నేనూ తినేసేవాళ్ళం. అందరి తిండీ అయ్యాక ఒకటో అరో మిగిలితే అమ్మ తినేది. ఆమెకు బజ్జీలంటే అంత ఇష్టం లేదు కాబోలు అనుకునేవాణ్ణి.

ఒకసారి మా అమ్మమ్మ వచ్చి, ఈ సంగతి చూసి, "మీ అమ్మకు చిన్నప్పుడు ఈ బజ్జీ అంటే ప్రాణంరా! బండి దగ్గర నిలబడి, ఊదుకుంటూ వేడివేడిగా తినేది," అన్నది.

నాకు సిగ్గు వేసింది. మర్నాడు అమ్మ బజారుకు వెళ్ళగానే, "అమ్మమ్మా, ఇవాళ బజ్జీలు నేను చేస్తాను. నువ్వు దగ్గర ఉండు," అన్నాను.

ఉడికిన దుంపలు చిదిపి, అల్లం, పచ్చిమిరప, పసుపు, ఉప్పు వేసి కూర చేశాను. శనగపిండిలో ఉప్పు, కారం, వాము వేసి, మరీ జారుగా కాకుండా కలిపాను. కాని తొందరలో నూనె కాగకముందే నాలుగు బజ్జీలు ఒక్కసారే వేశాను. అవి చప్పుడు చెయ్యకుండా అడుక్కు పోయాయి. తీసి చూస్తే నూనె కారుతున్నది!

"ఒక చుక్క పిండి వేసి చూడు. అది చుయ్యిమంటూ పైకి తేలితే నూనె కాగినట్టు. తరవాత రెండేసి చొప్పున వెయ్యి. తడిచేత్తో మాత్రం బాణలి దగ్గరికి రాకు," అన్నది అమ్మమ్మ.

ఇందులో కిటుకు ఏమిటో తరవాత చదువుకున్నాను. నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగుతుంది. బజ్జీలు వేగే నూనె వేడి 180 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. అందుచేత పిండిలోని నీరు వెంటనే ఆవిరై బయటికి తన్నుకు వస్తుంది. మనకు కనపడే బుడగలు ఆ ఆవిరే. అది వెలికి వస్తున్నంతసేపూ నూనె సులువుగా లోపలికి పోలేదు; ఈలోగా పైపొర ఎండి కరకరలాడుతుంది. నూనె చల్లగా ఉంటే ఆవిరికి బలం ఉండదు, పైపొర త్వరగా గట్టిపడదు; బ్రెడ్డు నూనె పీల్చేస్తుంది. తడిచేతినుంచి ఒక్క నీటిబొట్టు పడినా అదీ ఇలాగే ఆవిరై నూనెను ఒంటిమీదికి చిమ్ముతుంది. అందుకే పెద్దవాళ్ళు పక్కన లేకుండా మీరు పొయ్యి జోలికి పోకూడదు సుమా!

రెండో వాయి బంగారు రంగులో వచ్చింది. సరిగా అప్పుడే అమ్మ గుమ్మంలో అడుగు పెట్టింది. పళ్ళెం అందించాను.

"ముందు మీరు తినండిరా," అన్నది అలవాటుగా.

"వేసేవాళ్ళు ఆఖరున తినాలి. నువ్వు నేర్పిందేగా!" అన్నాను.

అమ్మ నవ్వి, బజ్జీ తుంచి, ఊదుకుంటూ తిన్నది. తరవాత మరొకటి, ఇంకొకటి. అమ్మ మూడు బజ్జీలు తినటం నేను అదే చూడటం.

అందరి తిండీ అయ్యాక నాకు ఒకటి మిగిలింది. అప్పటికి అది చల్లారింది. దుంపలోని తేమ పైపొరకు పాకి, కరకర పోయి, తోలులా సాగుతున్నది. ఇన్నేళ్ళూ అమ్మ తిన్నది ఇదన్నమాట!

ఈసారి మీ ఇంట్లో బజ్జీలు వేసినప్పుడు, పొయ్యి దగ్గర ఉన్నవారి వంతు ఎప్పుడు వస్తున్నదో ఒక్కసారి చూడండి.